మూడు తూముల దగ్గర చెయ్యెత్తిన మనిషి

చిల్లకల్లు దాటి నందిగామ వైపు వస్తుంటే హైవే కింద మూడు తూములున్న కల్వర్టు ఒకటి ఉండేది. ఆ చోటి పేరూ అదే — మూడు తూములు. పగలు అక్కడ బస్సు ఆగేది. మైలు దూరంలో, లోపలి పల్లెలో ఉండేవాళ్ళు గంపలతో, మేకపిల్లలతో ఎక్కేవాళ్ళు. పొద్దు గుంకిందంటే మాత్రం... దాదాపు ఏ బండీ ఆగేది కాదు.

ఎప్పుడో ఒక బాలింత పసిగుడ్డునెత్తుకుని బస్సు కోసం నిలబడి ఉంటే లారీ గుద్దేసిందట. అప్పట్నుంచీ చీకటి పడితే ఆమె తెల్లచీరలో రోడ్డు పక్కకొచ్చి చెయ్యెత్తుతుందనీ, ఆపినవాడు ఇల్లు చేరడనీ చెప్పుకునేవాళ్ళు. చూశానన్నవాళ్ళు చిల్లకల్లు టీకొట్ల దగ్గర చాలామందే ఉండేవాళ్ళు. ఆపానన్నవాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు.

నేను జగ్గయ్యపేటలో పంతులుగా చేసేవాణ్ణి. కాపురం నందిగామ. వచ్చేదీ పోయేదీ బస్సులోనే. ఈ సంగతి నాకు వరప్రసాదరావుగారు చెప్పారు — అదీ బస్సులోనే, నా పక్క సీట్లో కూర్చుని, గొంతు బాగా తగ్గించి. ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా.

ఆయనదీ నందిగామే. జగ్గయ్యపేటలో పత్తిమిల్లు ఉండేది. రోజూ ఫియట్ కారులో వెళ్ళొచ్చేవారు. తనే నడుపుకునేవారు. తన బండి మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఒప్పుకునేవారు కాదు. బస్సంటే ఆయనకి చెమట, బీడీ పొగ, కోడిపెట్టలు. అంతే.

డెబ్బై తొమ్మిది డిసెంబరులో ఒకనాడు, మిల్లు కట్టేసి బయల్దేరేసరికే చీకటి పడిపోయింది. మంచు దిగుతోంది. చలికి అద్దాలన్నీ ఎత్తేసుకున్నారు. మూడు తూముల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన తెల్లగా ఏదో కదిలింది.

చెయ్యెత్తింది.

ఎక్కడ కారు కిందికి వస్తుందోనని ఆయన కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్ళింది. కారు ఆగినంత పనైంది. తెల్లచీర — ఎడమ చేతిలో గుడ్డల మూట — కుడి చెయ్యి తీసుకొచ్చి కారద్దానికి ఆనించింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా వస్తున్న లారీ వెలుగు కారు నిండా పడింది. అద్దం అవతల ముఖం... నోరు కదులుతోంది. మాట వినపడటం లేదు.

ఆయన కాలు బ్రేకు మీంచి తీసి ఎక్సలేటరు మీద వేశారు. ఆ అరచెయ్యి అద్దం పొడుగునా జారిన చప్పుడు ఒకటి వినపడిందిట. ఆ తర్వాత నందిగామ దాకా ఏం వినపడిందో ఆయనకి గుర్తు లేదు.

ఆ రాత్రే జ్వరం కాసింది. కలవరింతలు. పొద్దున్నే చూస్తే కారద్దం మీద అరచేతి మరక. భార్య సీతారావమ్మగారు దాన్ని పసుపునీళ్ళతో కడిగించి, మైలవరం నుంచి ఎవర్నో పిలిపించి ఆయన చేతికి తాయెత్తు కట్టించారు.

మంచం దిగాక ఆయన చూసింది చూసినట్టు అందరికీ చెప్పారు. లారీవాళ్ళు చెబితే నవ్వేసేవాళ్ళు కూడా, మిల్లు ఓనరు చెప్పేసరికి నమ్మారు. అంతకుముందు వెన్నెల రోజుల్లోనైనా అక్కడ ఆపే ఒకరిద్దరు బస్సు డ్రైవర్లు సైతం దీపాలు పెట్టేవేళ దాటితే ఆపడం మానేశారు.

ఆయన మళ్ళీ కారు తియ్యాలని చూశారు. ఒకటికి రెండుసార్లు చూశారు. అంబారుపేట దాటేసరికి చేతులు స్టీరింగు మీద నిలవలేదు. పట్టపగలు కూడా ఎడమవైపు అద్దం చూడలేకపోయారు. చివరికి కారుకి గుడ్డ కప్పేసి, పెట్రోలు మండిపోతోందని పైకి చెప్పి, బస్సెక్కారు. మనుషుల మధ్య ఉంటే భయం దగ్గరికి రాదని ఆయన ఆశ.

మొదట్లో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే కూర్చునేవారు. రాను రాను ఆ రుమాలు జేబులోకి పోయింది. సాయంత్రం బస్సు డ్రైవరు ఏలీయా, కండక్టరు తిరుపతిరావు ఆయన కోసం డ్రైవరు వెనక సీటు ఉంచేవాళ్ళు. ఎవరో తల్లి బిడ్డని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టేది. ఇంకెవరో సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చేవాళ్ళు. ఎవరింట్లో ఎవరికి జబ్బుగా ఉందో, ఎవరి చేను తెగులు పట్టిందో మిల్లులో కూర్చుంటే ఏనాడూ తెలియని సంగతులు ఆ సీట్లో తెలిసేవి. అయినా మూడు తూముల దగ్గర మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునేవారు. కల్వర్టు మీద చక్రాల చప్పుడు మారి, మళ్ళీ మామూలయ్యాకే తెరిచేవారు.

మరుసటేడు కార్తీకమాసం. తుపాను వాన పడి అప్పుడే వెలిసింది. చిల్లకల్లులో ఎక్కేవాళ్ళు ఎక్కాక బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. మూడు తూములు దగ్గరపడుతుంటే ఏలీయా ఎప్పట్లాగే స్పీడు పెంచాడు. వరప్రసాదరావుగారు ఎప్పట్లాగే కళ్ళు మూసుకున్నారు.

బ్రేకు పడింది.

నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ మీద పడ్డారు. ఆయన తల ముందు కమ్మీకి కొట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి — లైట్ల వెలుగులో, రోడ్డుకి అడ్డంగా నులకమంచం. మంచం మీద ఏదో కప్పి ఉంది. మంచం పక్కన తెల్లచీర. ఈసారి ఒక చెయ్యి కాదు... రెండు చేతులూ ఎత్తి నిలబడింది.

బస్సులో ఎవరూ అరవలేదు. వెనక నుంచి ఎవరో ముసలాయన, రివర్సు కొట్టవయ్యా అని గొణిగాడు. ఏలీయా గేరు మీద చెయ్యి వేశాడు గానీ మార్చలేదు. మెళ్ళో సిలువ తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

తెల్లచీర బస్సు వైపు కదిలింది.

"అక్కడే ఆగు" అన్నాడు ఏలీయా కిటికీలోంచి. "కాళ్ళు చూపించు."

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. ఆమెకి మొదట అర్థం కాలేదు. అలాగే నిలబడి లైట్లలోకి చూసింది. అర్థమయ్యాక... చీర కుచ్చిళ్ళు రెండు చేతులా మోకాళ్ళ దాకా ఎత్తింది. కాళ్ళ నిండా నల్లరేగడి బురద. వేళ్ళేవో మడమలేవో తెలియటం లేదు. అది ఆమెకే తట్టి, గబుక్కున వంగి, చెంగుతో బురద తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఒక పాదం తుడిచి వెలుగులో పెట్టింది. రెండోది తుడిచి పెట్టింది. పక్కకి తిరిగి చూపించింది.

"మనిషినేనయ్యా" అంది. "లోపలి పల్లె లూర్దమ్మని. మా ఆయన్ని పాము కరిచింది... మనిషినేనయ్యా."

ఏలీయా దూకేశాడు. వెనకే తిరుపతిరావు. వాళ్ళ వెనక తను ఎలా దిగారో వరప్రసాదరావుగారికి తెలియదు. చూసేసరికి మంచం కోడు ఒకటి తన చేతిలో ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది తెల్లచీర కూడా కాదు, ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం చీర. మంచం మీద ఆమె మొగుడు పుల్లయ్య. పిక్కకి తాడు బిగించి కట్టారు. రెప్పలు వాలిపోతున్నాయి, నాలుక మడతపడి మాట రావడం లేదు. మంచం మోసుకొచ్చిన ఇద్దరు చుట్టాలు రోడ్డు దిగువన చీకట్లో కూర్చుని రొప్పుతున్నారు.

మంచం బస్సులో పట్టదు. పుల్లయ్యని చేతుల మీద ఎక్కించి డ్రైవరు వెనక సీట్లో పడుకోబెట్టారు. తల లూర్దమ్మ ఒళ్ళో. కాళ్ళకి చోటు చాలకపోతే వరప్రసాదరావుగారు చివర్న కూర్చుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. చల్లటి కాళ్ళు. తెల్లపంచె మీద బురద.

ఏలీయా మరి ఆపలేదు. అంబారుపేట వచ్చింది. దిగాల్సినవాళ్ళు ఉన్నారు, తిరుపతిరావు వాళ్ళ వైపు చూశాడు కూడా. ఎవరూ లేవలేదు. అందరం ఆసుపత్రి దగ్గరే దిగుతాం పోనివ్వమని ఓ ఆడమనిషి అంది.

లూర్దమ్మ మొగుడి చెంపలు తడుతూనే ఉంది. నిద్రపోవద్దని చెవిలో చెబుతూనే ఉంది. తిరుపతిరావు ఆమె మీద కోపంగా, ఏ లారీవాడో చూసుకోకుండా వస్తే ఆ మంచం మీది మనిషి ఏమయ్యేవాడని అడిగాడు.

"పక్కన నిలబడితే ఆపరు కదండీ" అంది ఆమె తలెత్తకుండా. "పోయినేడు చూశాగా."

ఆ మాటకి వరప్రసాదరావుగారు ఆమె వైపు తిరిగారు.

ఆమె చెప్పింది, ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య పుల్లయ్యని కుదుపుతూ. కూతురి బిడ్డ. ఏడాది నిండలేదు. జ్వరం వచ్చి ఫిట్సు మొదలయ్యాయి. క్రిస్మస్ ముందు రోజులు. ప్రార్థన నుంచి వచ్చిన తెల్లచీరతోనే బిడ్డని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. చెయ్యెత్తింది. ఎత్తినప్పుడల్లా బండ్లు ఇంకా జోరుగా పోయాయి. ఎందుకో ఆమెకి తర్వాత ఎవరో చెబితే గానీ తెలియలేదు.

"ఒక్క బండీ ఆగలేదా?" అని అడిగారు వరప్రసాదరావుగారు. ఎందుకడిగారో ఆయనకే తెలియదు. ఏదీ ఆగలేదని అనిపించుకోవాలనేమో.

లూర్దమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. చూసి, మళ్ళీ మొగుడి మీదికి వంగింది.

"ఒకటి ఆగినట్టే ఆగింది బాబూ" అంది.

బిడ్డ సంగతి తిరుపతిరావే అడిగాడు. పొద్దున తొలి బస్సు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయిందని చెప్పింది. బస్సు ఆసుపత్రి గేట్లోకి తిరిగింది.

పుల్లయ్య బతికాడు. మూడోనాటికి కళ్ళు తెరిచి గంజి అడిగాడు. కరిచిన కాలు మాత్రం తర్వాత కూడా ఈడుస్తూనే నడిచేవాడు. ఏలీయా ఈ సంగతి దొరికిన ప్రతి డ్రైవరుకీ చెప్పాడు. చీకటి పడ్డాక కూడా మూడు తూముల దగ్గర బస్సులు ఆగసాగాయి.

వరప్రసాదరావుగారు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. దెయ్యాన్ని చూశానని ఊరంతా చెప్పిన మనిషికి, చూసింది మనిషినేనని చెప్పడానికి నోరు రాలేదు. తిండి తగ్గింది. రాత్రిళ్ళు లేచి కూర్చునేవారు. అంతకుముందు భయపడటానికి దెయ్యమైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు పంతులుగారూ అన్నారు నాతో. తాయెత్తు తెంపేశారు. కారు అమ్మేశారు. బస్సులో అదే సీటు, అదే దారి. రోజుకి రెండుసార్లు ఆ కల్వర్టు దాటాలి. దాటేటప్పుడు ఇప్పుడు కళ్ళు మూసుకునేవారు కాదు. మూసుకుంటే అద్దం అవతల ఆ నోరు కదలడం కనపడేదట.

వేసవి వచ్చింది. ఓర్చుకోలేక ఓ ఆదివారం పొద్దున, మూడు తూముల దగ్గర ఆపమని తనే అడిగి దిగారు. మైలు దూరం ఎండలో నడిచి పల్లెకి వెళ్ళారు. లూర్దమ్మ ఇంటి ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది. పుల్లయ్యని పిలవబోతే ఆయన వద్దన్నారు.

ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకున్న మాటలేవీ రాలేదు.

"పోయినేడు కాదు, అంతకు ముందు... ఆ ఆగిన కారు నాది లూర్దమ్మా" అన్నారు.

ఆమె చేట కింద పెట్టింది.

"తెలుసు బాబూ" అంది. "లారీ వెలుగులో మీ మొహం చూశాగా. బస్సులో మా ఆయన కాళ్ళు మీ ఒళ్ళో పెట్టుకున్నప్పుడే గుర్తుపట్టా. ఆ మాట పైకి అంటే మమ్మల్ని దింపించేస్తారేమోనని... ఊరుకున్నా."