సైకిలెక్కిన కోడిపెట్ట

మొదటిరోజే ఆవిడ నా చేతిలోని సైకిలు తాళం లాక్కోబోయింది.

నా పేరు ఖుంబో. దూరాభారం వల్ల ఆడపిల్లలు చదువు మానకుండా వాళ్లకు సైకిళ్లిచ్చే మలావీలోని ఒక చిన్న సంస్థలో తనిఖీ ఉద్యోగం. చింబలంగ బడికి పన్నెండు సైకిళ్లిచ్చాం. బడికి తప్ప దేనికీ వాడకూడదు, పిల్ల తప్ప ఎవరూ ఎక్కకూడదు, కాదంటే వెనక్కి తీసేసుకుంటాం. ఆ రోజు ఎస్నాత్ అనే ఎనిమిదో తరగతి పిల్ల మొక్కజొన్న బస్తాతో పిండిమిల్లు దగ్గర దొరికింది. సైకిలు పట్టుకుని బడికి తెచ్చాను. గుమ్మంలోనే తీయామికే టీచర్ అడ్డం నిలబడింది.

"మిల్లుకెళ్లడం నేరమా సార్?"

"సైకిలు మీద వెళ్లడం నేరమండీ. ఇలాగైతే పన్నెండూ తీసుకుపోవాలి. శుక్రవారం లారీ వస్తుంది."

"రాత్రి ఏం తిన్నారు?"

"న్సిమా," అన్నాను. మా మొక్కజొన్నపిండి సంకటి.

"ఆ పిండి మిల్లు నుంచి మీ ఇంటికి తనే నడిచొచ్చిందా?"

"రూలు రూలేనండీ," అన్నాను. సమాధానం దొరకనివాళ్లు అనేది అదే.

"పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. ఈ వానల్లో సైకిళ్లు పోతే సగం మంది మళ్లీ బడి ముఖం చూడరు. అది కూడా రాసుకోండి మీ కాగితంలో."

కోపంతో ఆవిడ ముక్కు మీద చెమట పట్టింది. తనిఖీకి వచ్చినవాడు గమనించాల్సిన విషయం కాదది. అయినా గమనించాను. సైకిలును మాత్రం నా గదికి తీసుకుపోయాను.

మర్నాడు ఎస్నాత్ బడికి రాలేదు. వాన ఏకధాటిగా కురుస్తోంది. మిల్లు దారిలో నా మోటారుసైకిలు బురదలో కూరుకుపోతే దిగి నడిచాను. ఎదురుగా ఎస్నాత్. నెత్తిన పిండి మూట, దాని మీద ప్లాస్టిక్ పట్టా, మోకాళ్ల దాకా బురద.

"బడి మానేశావేం?"

"మిల్లుకు రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు సార్. అమ్మకి ఒంట్లో బాలేదు. సైకిలుంటే బడి గంట కొట్టేసరికి వచ్చేసేదాన్ని."

నన్ను తిట్టినా బాగుండేది. లెక్క చెప్పినట్టు చెప్పి ఊరుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మూట తీసుకుని నా నెత్తిన పెట్టుకున్నాను. రెండుసార్లు జారిపడ్డాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నానా తంటాలూ పడింది.

సాయంత్రం సైకిలు ఎస్నాత్ ఇంట్లో అప్పగించి, మా ఆఫీసుకు ఫోన్ చేసి లారీని ఓ వారం ఆపించాను. రూలు మార్చమని ఆరు పేజీల ఉత్తరం రాశాను. ఇక మిగిలింది టీచర్‌కు క్షమాపణ. సంతలో మంచి పుంజును కొని ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ లేదు. వాకిట్లో ఆవిడ మేనమామ కలిలొంబే బుట్ట అల్లుతున్నాడు.

పుంజును చూసి బుట్ట పక్కన పెట్టి లేచాడు. "ఒక్కడివే వచ్చావా నాయనా? పెద్దలెవరూ లేరా?"

"నా పనికి పెద్దలెందుకండీ? మనసులో మాట నేనే చెప్పుకుంటాను."

ముసలాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. పుంజును రెండు చేతులా అందుకున్నాడు. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను.

పొద్దున బడికి వెళ్లగానే పిల్లలంతా ఒక్కసారిగా గొంతెత్తి కేరింతలు కొట్టారు. టీచర్ నన్ను గోడ పక్కకు పిలిచింది.

"నాతో ఒక్క మాటైనా అనకుండా పుంజు పట్టుకొచ్చేస్తారా?"

"తమరు లేరని మామయ్యకిచ్చాను. ఏం, చిక్కిపోయిందా కోడి?"

"అబ్బాయి తరఫున పుంజు వస్తే పిల్లనడిగినట్టు. బదులుగా మావాళ్లు కోడిపెట్టను పంపితే నిశ్చయమైనట్టు. నిజంగా తెలియదా మీకు?"

"మాది ఉత్తరాన మ్జింబా. మావైపు పిల్లనడగాలంటే ఆవులు తోలుకెళ్తాం. కోడిని కూరకిస్తాం టీచర్. అది క్షమాపణ."

"క్షమాపణా," అంది. ముఖం చిన్నబోయింది. "సరే, మామయ్యకు చెప్పి పుంజును వెనక్కి పంపిస్తాలెండి."

ఆవిడ వెనక్కి తిరిగింది. అక్కడ నోరు మూసుకుని ఉంటే నా అంత దద్దమ్మ మలావీలో ఉండడు.

"పంపకండి."

ఆగింది. తిరగలేదు. "ఎందుకని?"

"తెలియక ఇచ్చాను. తెలిసుంటే భయపడి ఇచ్చేవాణ్ణి కాదు. కానీ ఇవ్వాలనే ఉండేది."

ఇటు తిరిగింది. కళ్లు నవ్వుతున్నాయి, గొంతు మాత్రం టీచరుదే. "నా బడిపిల్లల సంగతి తేలకుండా నా సంగతి ఎత్తొద్దు. సైకిళ్లు ఉంటే పెట్ట వస్తుంది. సైకిళ్లు పోతే పుంజు వెనక్కి వస్తుంది."

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. వానకు ఫోన్ సిగ్నల్ కూడా పోయింది.

మరుసటి శుక్రవారం లారీ రానే వచ్చింది. ఎస్నాత్ సైకిలు హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. టీచర్ నా వైపు చూడలేదు. డ్రైవర్ దిగి వెనక తలుపు తీశాడు. లోపల పన్నెండు ఇనప క్యారియర్లు, పైన ఒక కాగితం. ఇకమీదట ఇంటిపనికీ వాడుకోవచ్చు, బస్తాకు తగ్గ క్యారియర్లు పంపుతున్నాం, పిల్ల తప్ప వేరెవరూ ఎక్కకూడదన్న రూలు మాత్రం మారలేదు. గట్టిగా చదివి వినిపించాను. ఎస్నాత్ హ్యాండిల్ వదిలి కళ్లు తుడుచుకుంది.

ఆదివారం పొద్దున గది బయట సైకిలు బెల్లు మోగింది. తీయామికే తొక్కుకుంటూ వచ్చింది. వెనక కొత్త క్యారియర్ మీద మేనమామ, ఆయన ఒళ్లో గోధుమరంగు కోడిపెట్ట.

"ఇది ఎస్నాత్ సైకిలు కదా?" అన్నాను.

"అడిగే తెచ్చాను. క్యారియర్ గట్టిదో కాదో చూడాలిగా. మామయ్య బస్తా కన్నా బరువు."

మామయ్య పెట్టను నాకందించబోయాడు. "తీసుకో నాయనా. అక్కడ పుంజుకు పొద్దు పోవడం లేదు."

రూలు ప్రకారం నేను సైకిలును పట్టుకోవాలి. పెట్టను పట్టుకున్నాను.