సోమవారం ఏడుంబావు మాత్ర

గురువారం పొద్దున గంగారత్నం ఉప్మాకు తాలింపు వేస్తుండగా గదిలోంచి కొడుకు మూలుగు వినిపించింది. గరిటె వదిలేసి పరుగెత్తింది. అవినాష్ ఒళ్ళు కాలిపోతోంది. నెలరోజులుగా ఆరుతూ వచ్చిన కాలి పుండు మళ్ళీ చీము పట్టింది.

అవినాష్ హిందీ ప్రాంతంలోని బచేలీ ఇనుప గనిలో ఫిట్టరు. యంత్రం జారి మీదపడితే ఎముక విరిగి, లోపల రాడ్డు వేశారు. ఆ రాడ్డును పట్టుకుని మామూలు మందులకు లొంగని సూక్ష్మక్రిములు చేరాయి. చివరికి పనిచేసిన మందు ఒక్కటే. పొద్దున ఎనిమిదికో మాత్ర, రాత్రి ఎనిమిదికో మాత్ర. తక్కువైతే క్రిములు చావవు, ఎక్కువైతే రక్తం దెబ్బతింటుంది. అందుకే డాక్టరు చెప్పిన సోమవారం నాడు, పొద్దుటి మాత్రకు ముందు రక్తం తీసి విశాఖ ల్యాబుకి పంపి, ఒంట్లో మందు ఎంత మిగిలిందో చూపించాలి.

స్కూల్లో టీచరైన కోడలు ఉమామహేశ్వరి డాక్టరుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"రక్తంలో మందు మరీ ఎక్కువగా ఉందనేగా పోయిన వారం డోసు తగ్గించాను. మరి క్రిములు ఎలా లేచాయి? మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?"

"వేస్తున్నాం సార్."

"అయితే ఆ మందు పనిచేయడం లేదనుకోవాలి. రాడ్డు తీసేయాల్సి రావచ్చు. కాలు నిలుస్తుందని మాటివ్వలేనమ్మా."

ఫోను పెట్టగానే అవినాష్ పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "స్కూలు గోలలో పడి ఎన్ని పూటలు మర్చిపోయావో!"

"మాత్ర వేసిన టైములు రాసిన కాగితం గోడకే ఉంది, చూడండి!"

"రాయడానికేం, ఎవరైనా రాస్తారు."

గంగారత్నం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆ కాగితంలో ఒక్క వరుసే అబద్ధం. అది తన వల్ల పడిన వరుస.

పోయిన వారం, రక్తం తీసే సోమవారం నాడు ఉమకు పరీక్షల డ్యూటీ. "రక్తం తీశాకే మాత్ర, అత్తయ్యా" అని మూడుసార్లు చెప్పి ఆరింటికే బస్సెక్కింది. గంగారత్నం క్యాలెండరు చూసింది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. కుంట అనే ఊళ్ళో బట్టల కొట్టు నడిపినన్నాళ్ళూ ఆమె భర్త ఆ వేళ షట్టరు ఎత్తి ఎరగడు. కొడుకు మీద యంత్రం పడింది కూడా రాహుకాలంలోనే. బిడ్డను బతికించే మందు ఆ వేళ గొంతు దిగడానికి ఆమెకు మనసొప్పలేదు. సరిగ్గా ఏడుంబావుకు, నిద్రమత్తులో ఉన్న కొడుకు నోట్లో గ్యాస్ మాత్రతో పాటు ఆ మాత్ర కూడా వేసేసింది.

ఎనిమిదికి ల్యాబు కుర్రాడు బుధ్రాం వచ్చి సూది తీస్తూ, "మాఁజీ, గోలీ దియా క్యా?" అని మాత్ర సంగతి అడిగాడు.

"నహీ దియా" అంది. ఇచ్చానంటే వెనక్కి పోతాడు, కోడలు నస పెడుతుంది. ముప్పావు గంటలో ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది. సాయంత్రం కాగితంలో రాసుకుంటున్న కోడలికీ, రక్తం తీశాక ఎనిమిదికే వేశానని చెప్పింది. ఇప్పుడు కొంప మునుగుతూనే ఉంది.

వంటింట్లో ఉమ మాడిన తాలింపు గిన్నె తోముతూ ఏడుస్తోంది.

"నిజంగా నేనే ఎప్పుడో మర్చిపోయానేమో అత్తయ్యా. రేపే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాను. ఆయన కాలు పోతే నేను బతకలేను."

గంగారత్నం ఇక ఆగలేకపోయింది. కోడలి చేతిలోని గిన్నె లాగి పక్కన పెట్టింది.

"నువ్వేం మర్వలేదు బిడ్డా. పాపం నాది. ఆ సోమారం రాహుకాలం తగుల్తదని ఏడుంబావుకే ఏసిన. బుధ్రాం అడిగితే ఇయ్యలేదని చెప్పిన."

ఉమ ముఖం పాలిపోయింది. "అప్పుడే వేసిన మాత్ర రక్తంలో కలిసి ఎక్కువ చూపించింది! అది చూసి డోసు తగ్గించారు! ఇప్పుడు నన్ను తిడుతుంటే కూడా నోరు మెదపలేదేం అత్తయ్యా?"

"భయమైంది. కొడుకు నా మొఖం చూడడని భయమైంది." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "ఫోను జెయ్యి. నేనే చెప్త."

ఆమె ఫోనులో చెప్పిందంతా డాక్టరు విన్నాడు. "ఇప్పటికైనా చెప్పారు, అదే మేలు. ఈ పూట నుంచే పాత డోసు వేయండి. సోమవారం మళ్ళీ రక్తం చూసి ఆపరేషన్ సంగతి తేల్చుదాం. అయినా పెద్దమ్మా, వేళ మార్చమని నన్నడిగితే ముందే ఏడింటికి మార్చేవాణ్ణి కదా!"

అడిగితే అయిపోయేది. ఆ మాట గంగారత్నానికి తిట్టు కన్నా గట్టిగా తగిలింది. సంగతి తెలిశాక అవినాష్ రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడమని అడగలేదు.

సోమవారానికి జ్వరం దిగింది. రక్తం ఏడింటికే తీసి, వెంటనే మాత్ర వేసేలా ఉమ డాక్టరుతో మాట్లాడి ఒప్పించింది. అత్తగారి కోసమేనని పైకి అనలేదు. కానీ వానకు రోడ్డు మీద చెట్టు పడి బుధ్రాం రాలేదు. ఏడుంబావయింది. ఏడున్నర దాటింది.

గంగారత్నం మాత్ర గుప్పిట్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. క్యాలెండరు వైపు తలెత్తలేదు. ఎనిమిదికి పది నిమిషాలుండగా బుధ్రాం తడిసి వచ్చాడు. అలవాటుగా అదే ప్రశ్న అడిగాడు.

"నహీ దియా, బేటా" అని ఆమె గుప్పిట విప్పి చూపించింది.

రక్తం తీయడం అయ్యాక ఆమె మాత్రను కోడలికి అందించబోయింది. "నువ్వే ఎయ్యి ఉమా. నా చెయ్యి మంచిది గాదు."

ఉమ నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె రెండో చేతిలో పెట్టింది. "మీరే వేయండి అత్తయ్యా. టైము నేను రాస్తాను."

అవినాష్ తల్లి వైపు తిరిగి నోరు తెరిచాడు. చెమటకు మాత్ర ఆమె అరచేతికి అంటుకుపోయింది. దాన్ని తీసి కొడుకు నాలుక మీద పెట్టి, రాహుకాలంలోనే, ఆమె బావురుమంది.