అభ్యంతరానికి కారణం

తొలగింపుల జాబితాలో నలభై రెండో పేరుని ఆమె రెండుసార్లు చదివింది. ఎదురు షాపు గడియారాల అబ్బాయి పేరది! పక్కన ముక్తసరిగా 'ఇల్లు మారారు' అని ఉంది.

ఓటర్ల ఆఫీసులో గుమస్తా ఆమె. చనిపోయినవాళ్లనీ, ఇల్లు మారినవాళ్లనీ జాబితాలోంచి తీసేసే ముందు ఆ పేర్లు గోడకి అంటించడం ఆమె పనే. ఆ వార్డు ఓటర్లలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే వారంలోపు రాసివ్వాలి.

ఆర్నెల్లుగా ఆఫీసు గడియారం బాగుచేసే వంకతో అతను వస్తూనే ఉన్నాడు.

"మీరు చూసినప్పుడల్లా ఆగిపోతోందండీ ఇది," అనేవాడు.

"మీరు ముట్టుకున్నప్పుడల్లా ఆగిపోతోంది," అనేది ఆమె.

అంత మాటకారి, వెళ్లిపోతూ మాటమాత్రంగానైనా చెప్పలేదు! పైగా నాలుగు రోజులుగా షాపుకి తాళం. ఆమెకి ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది. తనూ ఆ వార్డు ఓటరే కదా అని, ఆ ఊపులోనే అభ్యంతరం ఫారం నింపి ట్రేలో పడేసింది.

అభ్యంతరం వచ్చాక విచారణ తప్పదు. సోమవారం అతను హాజరయ్యాడు.

"నేను ఇల్లు మారితే ఎవరికండీ అభ్యంతరం?"

రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దసారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "కారణం: ఈయన ఎక్కడికీ వెళ్లకూడదు." తలెత్తారు. "మన రూల్సులో ఈ కారణం లేదే! సంతకం చూస్తే మన అమ్మాయిదే."

ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "చెప్పకుండా వెళ్లిపోతున్నారు కదా!" అనేసింది.

"ఎక్కడికి?" అతను తెల్లబోయాడు.

పెద్దసారు ఇంకో ఫైలు తెరిచారు. "పాత వార్డులో పేరు తీసే కాగితం ముందొస్తుంది, కొత్త వార్డులో చేర్చేది తీరిగ్గా వస్తుంది. నీకు తెలియనిదా తల్లీ? ఇదిగో, పొద్దున్నే వచ్చింది. వెనక వీధి. అది పక్క వార్డు కిందికొస్తుంది."

వెనక వీధి! గుండెల మీంచి బండ దించినట్టయింది.

"మరి షాపుకి తాళం?"

"సామాన్లు మోస్తున్నానండీ. పాతది ఒంటి గది, ఇద్దరికి చాలదని..." నాలిక్కరుచుకున్నాడు. "ఆదివారం ఊరినుంచి అమ్మని రప్పించి మీ ఇంటికొద్దామనుకున్నా. అన్నీ కుదిరాక చెబుదామని..."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పెద్దసారు కలం తీశారు. "అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నావా అమ్మాయ్?"

"తీసుకుంటున్నా సార్."

"కారణం మాత్రం తీసుకోవద్దని చెప్పండి సార్," అన్నాడు అతను మెల్లగా.

"అదలాగే ఉంటుంది," అంది ఆమె. "ఆదివారం మాత్రం టైముకి రండి. మీ గడియారాల్ని నమ్మలేను."