రాజారత్నం పేరు వదిలేసిన చోట

అంగలకుదురు దాటాక రోడ్డు పక్కన మూతబడ్డ రైస్ మిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరిన కుర్రాళ్లను ఆ మిల్లు గోడౌన్‌లోనే ఉంచి, రైలెక్కించారట. రాత్రిళ్లు లోపల బూట్ల చప్పుడు వినిపిస్తుందంటారు. ఎలుకలయ్యుంటాయని నేనెప్పుడూ కొట్టిపారేసేవాణ్ణి — కానీ నేనూ అక్కడ ఆగింది లేదు లెండి.

ఈమధ్య అక్కడ జరిగిన సంగతొకటి మా పక్కింటి శ్రావ్య చెప్పింది. ఆ పిల్ల ఓ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తుంది. పాడేది, గిటారు వాయించేది కొలకలూరు ప్రేమ్ కుమార్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగిరాని మన ఊళ్లవాళ్ల మీద అతనో పాట కట్టాడు. ఇరవై రెండు నిమిషాలు!

"పాటా, హరికథా?" అన్నాను.

"ప్రోగ్రెసివ్ రాక్ బాబాయ్. రైలు ఒక భాగం, ఓడ ఒక భాగం, అడవి ఒక భాగం... అలా మారిపోతూ ఉంటుంది," అంది.

చివరి భాగంలో, పటాలంలో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరూ చదువుతాడు. పేరు పేరుకీ శ్రావ్య ఒక దెబ్బ కొడుతుంది. చర్చి పాత రిజిస్టరులో దొరికిన పేర్లు ఆరు. ఆరోది రాజారత్నం — ప్రేమ్ నాయనమ్మ రిబ్కమ్మ గారి తండ్రి.

ఆవిడ ఒప్పుకోలేదు.

"పోయినోళ్లలో మా నాన్న పేరు చదవొద్దురా. పోయాడని ఎవరు చూశారు?"

ఆవిడ తల్లి కడుపులో ఉండగా వెళ్లిన మనిషి. కబురు రాలేదు, శవం రాలేదు. అందుకే ఎనభై మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆయనకి ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల పేరు మీద పెట్టే ప్రార్థన, పెట్టలేదు. పెడితే తన చేతులతో తనే చంపుకున్నట్టవుతుందని ఆవిడ భయం.

ప్రేమ్ ఆ పేరు వదిలేశాడు. ఆ చోట నాలుగు బీట్లు ఖాళీ ఉంచాడు.

గోడౌన్‌లో గొంతు బాగా మోగుతుందని అక్కడే రికార్డు చేద్దామనుకున్నారు. పగలు లారీల మోత... రాత్రి ఒంటిగంటకి ఇద్దరే వెళ్లారు. ఐదు పేర్లు చదివాడు. తరవాత ఖాళీ. శ్రావ్య కర్రలు గాల్లోనే ఆపింది. ఒకటి... రెండు... మెడ మీద ఎవరో చల్లగా ఊపిరి విడిచినట్టయిందట. వెనక్కి చూడకుండా సామాను సర్దుకుని వచ్చేశారు.

పొద్దున్నే రిబ్కమ్మ గారికి వినిపించారు. ఐదు పేర్లు, ఐదు దెబ్బలు. ఖాళీ వచ్చింది...

ఆ ఖాళీలో ఒక మగ గొంతు. ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆయాసపడుతూ, గుసగుసగా —

"ఏం పుట్టిందండీ... ఆడపిల్లా, మగపిల్లాడా?"

"రోడ్డు మీద ఎవరో ఫోన్‌లో మాట్లాడుకుంటూ వెళ్లుంటారు నాయనమ్మా," అన్నాడు ప్రేమ్. ఆ వేళ ఆ రోడ్డు మీద పురుగు కూడా లేదు.

ఆవిడ ల్యాప్‌టాప్ మీదికి వంగింది.

"ఆడపిల్ల నాన్నా," అంది. "నేనే."

మళ్లీ పెట్టమంది. పెట్టారు. నాలుగు బీట్లూ నిశ్శబ్దం. ఇంకోసారి పెట్టారు... ఏమీ లేదు.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాస్టరు గారికి కబురు చెయ్యరా," అంది మెల్లగా. "మా నాన్నకి కూడిక పెట్టుకుందాం."