నీళ్లు తాగే పిల్లరు

ఆ మేడ కింద రాత్రిపూట ఒక పిల్లరు నీళ్లు తాగుతుందని చెప్పుకొనేవారు.

గుటక్... గుటక్... అని చప్పుడు. తాగేది కనబడదు. చుక్క నీరు బయటికి రాదు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఎవడైనా సరే, చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయేవాడు. చీకటి పడితే సెల్లార్‌లోకి ఎవరూ దిగేవారు కాదు. పైన మాత్రం హాయిగా గురకలు పెట్టేవారు.

దాని పక్కనే అచ్చం అలాంటి మేడే ఇంకొకటి ఉండేది. కట్టిన బిల్డరు ఒకడే. జనం కాపురానికి రాకముందే అది ఒక వానకు కుప్పకూలింది. ఒక్క ప్రాణమూ పోలేదు. మరి దెయ్యం ఎవరిది అని అడిగితే — కూలిన మేడదే అనేవారు. మేడ చచ్చి దెయ్యమై, తోడబుట్టిన మేడను పట్టుకుందట. మనిషి బుద్ధి గడ్డి తింటే ఇటుకలకు కూడా ఆత్మలు పుడతాయి.

ఈ సంగతి మా తోడల్లుడు చెప్పగా విన్నాను. అతను ఫైర్ స్టేషన్లో పనిచేస్తాడు. మంటల్లోకి దూకుతాడు గానీ, చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే భార్యను తోడు పిలుస్తాడు.

ఆ మేడ ఎందుకు కూలిందో తేల్చమని మున్సిపాలిటీవాళ్లు ఒక ఇంజనీరమ్మను పంపారు. ఆమె వచ్చేసరికే బిల్డరు శిథిలాలన్నీ లారీలకెత్తించి, నేల ఊడ్పించేశాడు. ఇక సాక్ష్యం చెప్పగలిగింది నిలబడి ఉన్న మేడ ఒక్కటే. అందులో మొదటి అంతస్తులో ఆమె మేనమామ కాపురం.

"మామయ్యా, కారణం తేలేదాకా మా ఇంటికి వచ్చేయండి," అని బతిమాలింది.

"అది తమ్ముడు, ఇది అన్న. అన్న గట్టివాడు," అన్నాడాయన. "పిల్లర్ల మీద సుత్తి పెట్టావంటే మాత్రం ఊరుకోను. నిద్రపోయే మేడను లేపకు."

ఖాళీ చెయ్యమని నోటీసులిచ్చినా మిగతా కాపురాలవాళ్లదీ అదే పాట. అందుకని ఆమె అందరూ పడుకున్నాక వచ్చింది — చేతిలో చిన్న సుత్తి, వెనక లైటు పట్టుకోడానికి ఫైర్ స్టేషన్ నుంచి మా తోడల్లుడు.

సెల్లార్‌లో చిమ్మచీకటి. ఆమె ఒక్కో పిల్లరునూ తట్టి, చెవి పెట్టి వింటోంది. గట్టిది ఒకలా పలుకుతుంది, డొల్లది ఇంకోలా. చివరికి మూల పిల్లరు దగ్గరికి వచ్చారు.

గుటక్... గుటక్...

"మేడం... తాగుతోంది."

"తాగనివ్వండి. లైటు సరిగ్గా పట్టుకోండి."

"సరిగ్గానే పట్టుకున్నాను. అదే వణుకుతోంది."

ఆమె తట్టింది. టక్... టక్... టక్.

పిల్లరుకు చెవి ఆనించింది.

లోపలి నుంచి — టక్... టక్... టక్.

ఇక్కడ మా తోడల్లుడికి ధర్మసంకటం వచ్చిపడింది. శిథిలాల మీద తట్టి, కింద ప్రాణంతో ఎవరైనా ఉన్నారేమోనని వినడం అతని పని. బదులు వచ్చిందా, ఇక ఆ చోటు వదలకూడదు. అది వాళ్ల నియమం. కాళ్లు పారిపొమ్మంటున్నాయి, నియమం కదలొద్దంటోంది. లైటు చంకలో పెట్టుకుని, మోకాళ్లను రెండు చేతులతో అదిమిపట్టి నిలబడ్డాడు. నియమం పాటించడమంటే అది.

పిల్లరుకు నోరు ఆనించి, "లోపల... ఎవరు?" అన్నాడు.

పిల్లరు గుసగుసగా బదులిచ్చింది.

"ముందు... నువ్వెవరు?"

ఇంజనీరమ్మ చేతిలోంచి సుత్తి జారింది. ఆ గొంతు ఆమె పుట్టినప్పటి నుంచీ ఎరిగినదే.

"మామయ్యా..." అంది.

పైన ఏదో దబ్బున పడింది. "ఓసేయ్, లేవవే... అది నన్ను మామయ్యా అంటోంది," అని కేక. తలుపులు బాదిన చప్పుడు. మెట్ల మీద పరుగులు. ఎన్ని నోటీసులిచ్చినా గడప దాటనివాళ్లు దుప్పట్లతో సహా రోడ్డు మీదికి వచ్చి పడ్డారు. అందరికంటే ముందు మేనమామ, చేతిలో మగ్గుతో.

"బాత్రూంలో ఉన్నానమ్మాయ్," అన్నాడు ఆయాసపడుతూ. "కింద నుంచి అది తట్టింది. నోరు మూసుకోమని మగ్గుతో నేనూ తట్టాను. మూసుకోకపోగా చుట్టరికం కలిపింది."

"అది నేనే మామయ్యా. దెయ్యం కాదు." "మీ బాత్రూం పైపును పిల్లరు లోపలి నుంచి దించారు. మీరు పోసిన నీళ్లే అది తాగుతోంది. సిమెంటూ ఇనుమూ ఉండాల్సిన చోట పైపుంది. పక్కది పడింది కూడా ఇందుకే అయ్యుంటుంది. ఇది ఎప్పుడు పడుతుందో నేను చెప్పలేను."



"అయితే దెయ్యం లేదన్నమాట," అని నిట్టూర్చాడు మేనమామ. "హమ్మయ్య. పదండి, పడుకుందాం."

అందరూ మెట్ల వైపు కదిలారు. ఆమె చేతులు చాపి అడ్డం నిలబడితే, పక్కనుంచి తప్పుకుని పోతున్నారు.

అప్పుడు మా తోడల్లుడు వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు భయపడతారని మేడం దాస్తున్నారు," అన్నాడు మెల్లగా. "లోపల ఉంది... నేను చూశాను."

ఎవరూ కదల్లేదు.

"ఏమంటోంది బాబూ?" అన్నాడు మేనమామ.

"ఖాళీ చెయ్యమంటోంది."

మళ్లీ ఒక్కరూ మెట్టెక్కలేదు. తర్వాత ఆ పిల్లరును పగలగొట్టి చూస్తే, పైపు చుట్టూ అరచేతి మందం సిమెంటు... అంతే. ఇప్పుడు పిల్లరులో పైపు దించితే మేడకు అనుమతి ఇవ్వరు. ఆ నియమం ఇంజనీరమ్మ పెట్టించిందే.

అబద్ధం ఆడరాదని నా పిల్లలకు రోజూ చెబుతాను. ఆ రాత్రి ఆ గుమ్మంలో నేనే ఉండి ఉంటే — దానికి కొమ్ములు కూడా ఉన్నాయని చెప్పేవాణ్ణి.