మూడో పిలుపు

కోర్టు సమన్లు వస్తే మొహం వెలిగిపోయే మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇబ్రహీంపట్నంలో ఒకడున్నాడు. పేరు జయపాల్. బొంగులూరు వైపు లేస్తున్న కొత్త ఇళ్లకు వైరింగ్ పనులు చేయిస్తుంటాడు. కానిస్టేబుల్ ఇంటి ముందు బండి ఆపి కాగితం ఇస్తే, పెళ్లి పత్రిక అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని సంతకం పెట్టాడు.

తల్లి సంతోషమ్మ మాత్రం గడప మీదే కూలబడింది. ఇంటా వంటా లేని కోర్టు మెట్లు వీడికెందుకు దాపురించాయని ఆమె గోల. పక్కింటి దీక్షిత్ వచ్చి, ఊళ్లో లేడని చెప్పిస్తే సరిపోయేది కదా, సాక్షి పోకపోతే ఎవడేం చేస్తాడని సలహా పారేశాడు.

"పోవాల్సిందేనా సారూ?" అని సంతోషమ్మ కానిస్టేబుల్‌నే అడిగింది.

"పోవాలె అమ్మా. సాక్షే గదా, పోకుంటే ఏమైతదిలే అనుకుంటరు. మాటవరసకు పిలుస్తరా కోర్టోళ్లు? పోకుంటే వారెంట్ వస్తది."

"నేను పోత సార్" అన్నాడు జయపాల్, తనను ఎవరూ అడగకపోయినా.

ఆ ఆత్రమంతా న్యాయం కోసమే అని నేను చెబితే, నాకూ పాపం తగులుతుంది.

సంగతేమిటంటే, రెండేళ్ల కింద బొంగులూరు సర్వీస్ రోడ్డు మీద జామకాయలమ్మే బుగ్గమ్మను రాంగ్ రూట్లో వచ్చిన లారీ గుద్దింది. చూసినవాళ్లు బోలెడుమంది. ఆగినవాళ్లు ఇద్దరే. ఒకడు మన జయపాల్. రెండో మనిషి, తన బూడిదరంగు స్కూటీ పక్కన పడేసి తన చున్నీతో బుగ్గమ్మ కాలికి కట్టు కట్టిన అమ్మాయి. దవాఖాన దాకా ఆటోలో ఇద్దరూ బుగ్గమ్మను చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు వాన. జల్లు ఆ అమ్మాయి మొహం మీద కొడుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. తుడవాలని అతనికి ఎంతగానో అనిపించింది. తుడవలేదు. ఈ రెండేళ్లలో ఎప్పుడు వాన పడినా ఆ తుడవని చినుకులే గుర్తొచ్చి, పని మధ్యలో టెస్టర్ పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు.

దవాఖానలో ఆమె పేరు చెవిన పడింది. మనోజ, ఊరు కోహెడ. పోలీసులు అడిగినప్పుడు తన పేరుతో పాటు ఆ పేరు కూడా చెప్పాడు. అంతే. మళ్లీ కనిపించలేదు.

కోర్టు వరండాలో మొదటి వాయిదా రోజున కనిపించింది. కనిపించడమే తిట్లతో మొదలుపెట్టింది.

"మీరేనా పోలీసోళ్లకు నా పేరు చెప్పింది?"

ఎల్బీనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం ఆమెది. కోర్టు పని, లీవు కావాలంటే నువ్వేం చేశావమ్మా అని మేనేజర్ అడిగాడట. ఇంటికి పోలీసు వచ్చాడని వీధంతా తలుపుల్లో నిలబడిందట. అన్నీ ఏకరువు పెట్టింది. అతను తల వంచుకుని విని, ఆగింది ఇద్దరమే కదా, ఒక్కడి మాట నమ్మరేమోనని చెప్పానన్నాడు.

ఆమె చేతిలోని సమన్లు మడిచి సంచిలో పెట్టుకుంది.

"చేసింది మంచి పనే" అంది చివరికి. "కని అడిగి చెయ్యాలె."

ఆ రోజు జడ్జి మేడం సెలవు. ఇంకో వాయిదాకు లారీ వాళ్ల వకీలుకు ఒంట్లో బాగాలేదు. మరోసారి డ్రైవర్ రాలేదు. బుగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఊరంతా వినేలా నిట్టూర్చి, వరండా బెంచీ మీద నడుమ కూర్చునేది. అటు ఆమె, ఇటు ఇతను, ఆనాడు ఆటోలో కూర్చున్నట్టే. బుగ్గమ్మ ఉప్పు కారం అద్దిన జామముక్కలు ఇద్దరికీ పంచేది. మనోజ గింజల దగ్గర ఆగిపోతుందని, కారం ఎక్కువైతే ముక్కు ఎర్రబడుతుందని అతను కంఠతా పట్టేశాడు.

ఫోన్ నంబర్ అడిగితే అయిపోయేది కదా అంటారా? ఆ దారీ మూసేశాడు ప్రభుత్వ వకీలు. మీరిద్దరూ దోస్తీ చేస్తే, కలిసి కథ అల్లుకొచ్చారని అవతలి వకీలు పట్టుకుంటాడు, బుగ్గమ్మ కేసు నీరుగారిపోతుంది, సాక్ష్యమయ్యేదాకా ఫోన్లూ గీన్లూ వద్దు అని గట్టిగా చెప్పాడు. ఇద్దరూ తలూపారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఊపారు.

ఇక వాయిదాకూ వాయిదాకూ నడుమ అతని అవస్థ చూడాలి. ఏ పనీ లేకపోయినా కోహెడ రోడ్డెక్కేవాడు. ఊరి మొదట్లోనే బండి తిప్పుకుని వచ్చేసేవాడు. ఎదురుగా బూడిదరంగు స్కూటీ వస్తే చాలు, బండి పక్కకు ఆపేసేవాడు. నడుపుతున్నది ఏ మీసాలాయనో అయ్యేవాడు. అన్నం ముందు కూర్చుని ఆలోచనలో పడితే, కోర్టు దయ్యం పట్టిందని సంతోషమ్మ మిరపకాయలతో దిష్టి తీసి వాటిని పొయ్యిలో వేసింది.

ఇంతలో ఒక వాయిదా నాడు ప్రభుత్వ వకీలు పిలిచి, వచ్చేసారి ఖాయంగా సాక్ష్యాలు అయిపోతాయి, తప్పకుండా రండని చెప్పాడు. బుగ్గమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. జయపాల్ ప్రాణం ఉసూరుమంది. అయిపోతే మనోజ ఎందుకొస్తుంది? సాక్ష్యమయ్యాక మాట్లాడొచ్చన్నారు నిజమే. కానీ కేసు కోసం వచ్చే అమ్మాయి తన కోసం ఆగుతుందని ఏం నమ్మకం?

ప్రేమలో పడ్డవాడి బుర్ర ఎక్కడ పని చేసింది గనక! తాను పోకపోతే వాయిదా పడుతుంది, ఇంకొక్కసారి ఆమెను చూడొచ్చు అని లెక్క వేసుకున్నాడు. ఆ రోజు పొద్దున్నే బాలాపూర్‌లో ఏదో పని కల్పించుకుని వెళ్లి, ఫోన్ ఆఫ్ చేసుకుని కూర్చున్నాడు.

తర్వాత బజార్లో కోర్టు బంట్రోతు మల్లేశయ్య ఎదురుపడ్డాడు.

"ఏం తమ్మీ, యాడికి పోయినవ్? నువ్వు లేవని కోర్టు ఆగుతదా? వచ్చినోళ్లవి రాసుకున్నరు. ముసలామెది అయింది, ఆ పిల్లది గూడ అయిపోయింది. ఇగ ఆమెకు కోర్టుతోని పనే లేదు."

జయపాల్ బండి ఆపి దిగాడు.

"ఇంకోటి చెప్త విను. నీ పేరు మూడు సార్లు పిలవాలె గదా, పిలిచిన. మూడో పిలుపుకు ఆ పిల్ల లేసి నిలబడ్డది. 'జయపాల్ నువ్వేనామ్మా' అన్న. అందరు నవ్విన్రు. పిల్ల నవ్వలే. నీకేమన్న అయిందేమో, జర ఎవరన్న ఫోన్ చెయ్యున్రి అని బతిమాలింది."

ఆ మాటలతో అతను రోడ్డు పక్కన మెట్టు మీద కూర్చుండిపోయాడు. తన కోసం ఒకరు లేచి నిలబడ్డ సమయానికి తాను దొంగలా దాక్కున్నాడు. పైగా, ఒక్క పిల్ల మాట ఎట్లా నమ్ముతారని అవతలి వకీలు వాదిస్తే, బుగ్గమ్మ వరండాలో కళ్లొత్తుకుందట. ఆ రాత్రి సంతోషమ్మ వడ్డించిన అన్నం అలాగే ఉండిపోయింది.

కానిస్టేబుల్ అన్నట్టే వారెంట్ వచ్చింది. ఈసారి మొహం వెలగలేదు.

బోనులో నిలబడ్డాక, కాగితం అందాక కూడా ఎందుకు రాలేదని జడ్జి మేడం అడిగారు. తప్పయిందన్నాడు. నీ ఒక్కడి వల్ల ఆమె మళ్లీ ఆ కాలితో ఇంత దూరం వచ్చిందని మేడం బుగ్గమ్మను చూపించారు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ప్రమాణం చేసి, తాను చూసింది చూసినట్టు చెప్పాడు. అవతలి వకీలు లేచి కోటు సర్దుకున్నాడు.

"మనోజ అనే సాక్షి మీకు పరిచయమేనా?"

"వాయిదాలకు వచ్చినంక పరిచయమైంది సార్. ఫోన్ నంబర్ గూడ లేదు."

"ఆమె మీద ఇష్టంతోనే ఆమె చెప్పినట్టు మీరూ చెబుతున్నారు. అవునా?"

కాదంటే సరిపోయేది. కానీ ప్రమాణం చేసిన నోరు.

"ఆమె ఏం చెప్పిందో నాకు తెల్వదు సార్. ఆమె అంటే ఇష్టమున్నది నిజమే. లారీ రాంగ్ రూట్ల వచ్చింది గూడ నిజమే. దీనికి దానికి సంబంధం లేదు."

మేడం నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించి, రెండూ రాసుకోమని టైపిస్టుకు చెప్పారు. వకీలు ఇంకేం అడగలేక కూర్చున్నాడు.

బోను దిగి తిరిగితే, వెనక బెంచీలో మనోజ.

సాక్ష్యం చెప్పేసినవాళ్లు లోపల కూర్చోవచ్చు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. ముందున్న బెంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కారం తినకుండానే ముక్కు ఎర్రబడి ఉంది.

వరండాలోకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. బుగ్గమ్మ వాళ్లిద్దర్నీ చూసి, నడుమ కూర్చునే తన చోటు వదిలేసి, బెంచీ చివరికి జరిగింది.

"మీకు సమన్లు లేవు గదా, ఎందుకొచ్చిన్రు?" అన్నాడు జయపాల్.

"పిలిస్తేనే రావాల్నా?" అంది మనోజ. "నువ్వైతే పిలిచినా రాలే. సచ్చినవో బతికినవో తెల్వక ఎంత ఫికరైందో ఎర్కేనా?"

మొదటిసారి నువ్వు అంది. అతను ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. తర్వాత దాచకుండా అంతా చెప్పాడు, ఇంకొక్క వాయిదా కోసం ఆశపడ్డానని. విని, ఇంత పిచ్చోడు ఎక్కడైనా ఉంటాడా అన్నట్టు చూసి, అతని చేతిలోని ఫోన్ లాక్కుని తన నంబర్ కొట్టి, తన ఫోన్‌కు ఒక రింగు ఇచ్చుకుని, తిరిగిచ్చి, స్కూటీ దగ్గరికి నడిచింది. వాన జల్లు ఆమె మొహం మీద పడుతోంది. ఈసారి అతను పరుగెత్తుకెళ్లి జేబురుమాలు అందించాడు. ఆమె అది తీసుకోకుండా మొహం ఇటు తిప్పింది. అతనే తుడిచాడు.

ఆమె వెళ్లిపోయాక గేటు దగ్గరే తడుస్తూ నిలబడ్డాడు. ఎంతోసేపు కాలేదు, ఫోన్ మోగింది. సగం మోత కూడా కానివ్వకుండా ఎత్తాడు.

"మూడు సార్లు పిలిచేదాక చూస్తవేమో అనుకున్న" అంది మనోజ.

"ఇగ ఒక్క పిలుపుకే వస్త" అన్నాడు జయపాల్.