పచ్చ వెలగని పూట

పదకొండు దాటినా అమూల్య చేతి రసకంకణం వెలగలేదు. మూలకేంద్రంలో మరమ్మతులట, సామర్లకోట మొత్తం అందరి చేతులకీ ఆరిపోయిన కంకణాలే. “భోజనమైందా” మానేసి “పచ్చ వెలిగిందా” అని పలకరించుకునే జనం, ఇవాళ ఏమడగాలో తెలీక మొహాలు చూసుకుంటున్నారు.

రత్నమాల జావ గిన్నె పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఐదేళ్ళ కూతురు పెదవులు బిగించుకుని కూర్చుంది.

“పచ్చ రాలేదు కదమ్మా. రాకుండా తింటే బుర్రలోకి విషం పోతుందన్నావు.”

అన్నది. రత్నమాల రోజూ అన్నది. తనని తొమ్మిదో తరగతితో చదువాపించి మేనత్త కొడుకుతో పెళ్ళి చేశారు. ఇద్దరి ఒంట్లోనూ దాగున్న లోపం బిడ్డలో కలిసింది. పప్పులో, పాలలో ఉండే మాంసకృత్తుల్ని పూర్తిగా అరిగించే రసం అమూల్యకి ఊరదు. అరగని ముక్క నెత్తురులో పేరుకుని నరాల్ని తినేస్తుంది. కంకణం నెత్తురు చూసి, తినొచ్చంటే పచ్చగా వెలుగుతుంది.

కానీ డాక్టరమ్మ ఇంకో మాటా చెప్పింది. పస్తుంటే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, అప్పుడూ అదే విషం. రాత్రి ఎనిమిదికి తిన్న పిల్ల. సగ్గుబియ్యం జావలో మాంసకృత్తులు లేనట్టే. తింటే చాలు.

“ముక్కు మూసి పొయ్యవే,” అంది అత్త సూరమ్మ.

“పొలమారితే ఆస్పత్రికి నువ్వొస్తావా అత్తా?”

“నేను రాక మా తమ్ముడొస్తాడా? మీ నాన్నేగా, వాడు ఇప్పుడు కూడా పడుకునే ఉంటాడు.”

రత్నమాల కూతురి ముందు చతికిలబడింది. “ఆకలేస్తోందా తల్లీ?”

ఆ ప్రశ్న ఆ పిల్లని ఎప్పుడూ అడగలేదని అడిగాక తట్టింది.

అమూల్య కంకణం వైపు చూసింది. “తెలీట్లేదు.”

“అక్కడ కాదే. పొట్టలో.”

పిల్ల పొట్ట మీద చెయ్యేసుకుంది. “గోకుతోంది. రోజూ గోకుతుంది. నీకు చెప్తే ఏడుస్తావని చెప్పలేదు.”

“ఎందుకేడుస్తానే?”

“అదే కదా నా జబ్బు?”

సూరమ్మ మొహం తిప్పుకుంది. రత్నమాల చెంచాతో జావ తీసుకుంది.

“జబ్బు కాదమ్మా. అది ఆకలి. అందరికీ వేస్తుంది. పొద్దుట్నుంచీ నాకూ వేస్తోంది.”

అమూల్య నమ్మలేదు. లేచొచ్చి తల్లి పొట్టకి చెవి ఆనించింది. కాసేపు విన్నది. తల ఎత్తకుండానే నోరు తెరిచింది.